తాడు ముందే చెబుతుంది

మా పెరట్లో ఒక కొబ్బరిచెట్టు ఉంది. నిటారుగా పెరగడం దానికి చేతకాలేదు. పక్కింటివాళ్ళ కారుషెడ్డు మీదికి వంగి, వాళ్ళ యోగక్షేమాలు విచారిస్తున్నట్టుగా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు ఎండుమట్టలు కొట్టించకపోతే పక్కింటావిడ మొదట నవ్వుతూ చెబుతుంది, తరవాత నవ్వకుండా చెబుతుంది. ఆ రెండో ఘట్టం రాకముందే నేను తాతకు కబురు పెడతాను.

తాతది భీమిలి వైపు పల్లె. అరవై దాటి ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. ఆ చెట్లున్న చోట ఇళ్ళ స్థలాలు వెలిశాక విశాఖపట్నం వచ్చి, పెదవాల్తేరులో మాలాంటివాళ్ళ ఇళ్ళల్లో కొబ్బరికాయలు దింపి బతుకుతున్నాడు.

మొన్న సంక్రాంతికి ముందు వచ్చాడు. వచ్చిన మనిషి చెట్టు దగ్గరికి వెళ్ళడే! అరుగు మీద కూచుని, భుజానున్న మోకు తీసి ఒళ్ళో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని జానెడు జానెడు చొప్పున దాన్ని గుప్పిట్లోంచి జార్చడం మొదలెట్టాడు. మధ్యలో ఆగుతాడు. ఆగినచోట పురి కాస్త విప్పి లోపలికి చూస్తాడు, ఉఫ్ అని ఊదుతాడు, వాసన చూస్తాడు. నేనిచ్చిన టీ చల్లారి మీద మీగడ కట్టింది. మావారు గడియారం చూసుకుంటూ, "చెట్టెక్కడానికొచ్చాడా, తాడుకి మాలీషు చెయ్యడానికొచ్చాడా?" అని నా చెవిలో విసుక్కున్నారు.

చివరికి మోకుని చెట్టు మొదట్లో మోకాలెత్తున చుట్టి, వెనక్కి వాలి, ఒళ్ళంతా బరువు వేసి రెండుసార్లు ఊగాడు. అప్పుడు గానీ దాని మీద నమ్మకం కుదరలేదు. కుదిరాక, "చెట్టు వొంగుంది కదమ్మా. పైన నడుముకి కట్టుకోడానికి ఇంకో తాడేదైనా ఉంటే ఇయ్యమ్మా" అన్నాడు.

నేను సంబరంగా అటకెక్కించిన పాత నారతాడు దింపించాను. బొటనవేలంత లావు. చూడ్డానికి ఏనుగుని కట్టొచ్చు.

"ఏ కాలందమ్మా ఇది?"

"మా మామగారు కొన్నారు తాతా. ఆ రోజుల్లో సరుకు ఎంత గట్టిదనుకున్నావు!"

తాత ఏమీ అనకుండా తాడుని రెండు చేతుల మధ్య పట్టుకుని పురికి ఎదురు తిప్పాడు. పేటలు నోరు తెరిచినట్టు విడ్డాయి. లోపల్నించి గోధుమరంగు పొడి అరుగు మీదికి రాలింది.

"మీ మాంగారి తాడుకి దండమెట్టి దాసుకో అమ్మా. నాను దీని మీద ఎక్కను" అన్నాడు.

మావారు నవ్వేశారు. నేనూ నవ్వాను గానీ, ఆ పొడి చూడగానే నాకు వెనకటి సంగతొకటి గుర్తొచ్చి నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు తాడు సంగతి చెప్పనివ్వండి.

నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. రాజుల పేర్లూ, యుద్ధాల తేదీలూ, సంధి షరతులూ కంఠతా పట్టాను. కోటలు కట్టారన్నారు, ఓడలు నడిపారన్నారు, గనులు తవ్వారన్నారు. అన్ని పరీక్షల్లోనూ ఒక్కసారైనా తాడు గురించి ప్రశ్న రాలేదు. రాళ్ళెత్తింది తాడు కాదూ? తెరచాప నిలబెట్టింది తాడు కాదూ? నూతిలోంచి మన అమ్మమ్మలు ఇంటిల్లిపాదికీ నీళ్ళు తోడింది తాడుతో కాదూ?

మన భాషలో దీని పేరే ఒక తమాషా. పాత తెలుగులో తాటిచెట్టుని 'తాడు' అనేవారు. దాన్నుంచే తాటిపండు, తాటాకు, తాటిబెల్లం వచ్చాయి. కట్టుకునేది 'త్రాడు'. కాలక్రమాన మన నోళ్ళు బద్ధకించి రావత్తు మింగేయడంతో చెట్టూ తాడే అయింది, తాడూ తాడే అయింది. గీతకార్మికుడి బతుకు చూస్తే ఆ కలయిక పొరపాటు కాదేమో అనిపిస్తుంది. ఒక తాడు ఎక్కడానికి ఇంకో తాడు కావాలి.

"తాడెక్కేవాణ్ణి ఎందాకా ఎగదోస్తాం?" అని సామెత కూడా ఉంది. చేతికందినంత వరకే మన సాయం, ఆపైన ఎవరి శక్తి వారిదీ అని దాని భావం. పెళ్ళి సంబంధాల దగ్గరా, పిల్లల చదువుల దగ్గరా ఈ సామెత నేను లెక్కలేనన్నిసార్లు వాడాను. మన చెయ్యి వదిలిన తరవాత ఆ మనిషిని పట్టుకునేది ఏమిటన్నది మటుకు ఎన్నడూ ఆలోచించలేదు.

అసలు తాడు ఎలా పట్టుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? నారపోగు పొడవు కొన్ని అడుగులే. తాడు పొడవు బారలకు బారలు. అంటే ఏ ఒక్క పోగూ ఈ కొసనుంచి ఆ కొస దాకా ఉండదు. పోగులకు పురి పెట్టి దారం చేస్తారు. దారాలు కలిపి ఎదురు పురి పెట్టి పేట చేస్తారు. మూడు పేటలు కలిపి మళ్ళీ ఎదురు పురితో తాడు పేనుతారు. పేట ఒకవైపు విడిపోదామని చూస్తుంది, తాడు రెండోవైపు విడిపోదామని చూస్తుంది. ఎవరి పంతం వారిదే కాబట్టి ఎవరూ విడిపోలేరు! ఉమ్మడి కుటుంబాల రహస్యం కూడా ఇదేనని మా అత్తగారు వింటే ఒప్పుకుంటారు.

పోగుకి పోగుకి మధ్య రాపిడే దాని బలం కనుక, తాడుకి జబ్బు కూడా లోపలే పుడుతుంది. పైపోగులు ఎండకీ వానకీ నలుపెక్కి గట్టిగానే కనిపిస్తాయి. లోపల తడి ఆరక బూజు పట్టి, ఇసుకరేణువులు చేరి పోగుల్ని కోసి, అంతా పిండిపిండి అయిపోతుంది. తాత పురి విప్పి చూసింది అందుకే. ఊదింది ఇసుక కోసం. వాసన చూసింది బూజు కోసం. వంటింట్లో సరుకు పాడైతే వాసనతో కనిపెట్టే మనకి ఆ విద్య కొత్తదేమీ కాదు.

మన జిల్లాల్లో తాడంటే ఎక్కువగా గోగునార, జనుమునార, కొబ్బరిపీచు, తాటినార. కోసిన గోగు కట్టల్ని చెరువులో ఊరవేస్తే వారాల తరబడి ఊరంతా ఆ కంపే. మా అమ్మమ్మగారి ఊరు తగరపువలస దగ్గర. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ వాసనకి నేను ముక్కు మూసుకుంటే, "అన్నం పెట్టే వాసనే అది" అని అమ్మమ్మ కసిరేది. ఆ మాట ఎంత నిజమో పెద్దయ్యాక తెలిసింది. మన గోగునారకి అంతర్జాతీయ వర్తకంలో ఉన్న పేరు 'బిమ్లిపటం జూట్'. అంటే మన భీమునిపట్నం జనపనార! ఇంగ్లీషువాళ్ళ నోట్లో నలిగితే నలిగింది గానీ, మన భీమిలి పేరు ఒక నారకి స్థిరపడిపోయింది. ఆ నారను నమ్ముకునే చిట్టివలసలో, నెల్లిమర్లలో మిల్లులు వెలిశాయి. తాటిమట్టల నార కాకినాడ పేరు మీద బ్రష్షులు చేయడానికి సీమకు ఓడలెక్కేది.

ఓడలంటే గుర్తొచ్చింది. ఇవాళ మన రేవులో ఓడలు గట్టుకి ఆనుకుని నిలబడుతున్నాయి గానీ, 1933కి ముందు ఆ వసతి లేదు. ఆ ఏడాది అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు. అంతకుముందు ఓడలు దూరాన లంగరు వేసుకుని ఉంటే, సరుకులూ, మనుషులూ అలల మీదుగా మసూలా పడవల్లో ఒడ్డుకి చేరేవారు. ఆ పడవల పలకలకి ఒక్క మేకు ఉండేది కాదు. చీరకి అతుకు కుట్టినట్టు పలకకి పలకని కొబ్బరితాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ ఆ అలలు విసిరికొడితే చీలిపోయేది. కుట్టిన పడవ ఒళ్ళు విరుచుకుని మళ్ళీ సర్దుకునేది. కుట్లు సడలితే విప్పి కొత్తతాడుతో మళ్ళీ కుట్టేవారు. సీమనుంచి దిగిన దొరసానమ్మలు పట్టుగౌనులు తడవకుండా పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ ఆ కొబ్బరితాడు మీదే ప్రాణం పెట్టి మన ఒడ్డున కాలు పెట్టారన్నమాట.

తాడుని అపురూపంగా చూసుకోవడం మనిషికి ఎంత పాత అలవాటో! ఈజిప్టులో ఎర్రసముద్రపు ఒడ్డున వాదీ గవాసిస్ అనే చోట పురావస్తు శాస్త్రజ్ఞులు ఒక గుహ తెరిస్తే, దాదాపు 4000 ఏళ్ళనాటి ఓడతాళ్ళు చుట్టలు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయట. మళ్ళీ ప్రయాణానికి పనికొస్తాయని నావికులు పొడిగా ఉన్న చోటు చూసి దాచి వెళ్ళారు. ఇంగ్లండులో చాథమ్ అనే నౌకాదళపు ఊళ్ళో తాళ్ళు పేనడానికి 340 మీటర్లు దాటిన పొడవుతో ఒక భవనమే కట్టారు. అక్కడ పేనిన తాళ్ళలో ఒక రంగుపోగు కలిపేవారు. దానికి 'దొంగపోగు' అని పేరు. దొంగ ఆ తాడు కోసి అమ్ముకున్నా, ఆ పోగు చూసి ఇది ప్రభుత్వపు తాడని పట్టేసుకోవచ్చు. రాజ్యానికి తాడు విలువ తెలుసు మరి!

తరవాత గొలుసులొచ్చాయి. ఇనుము వచ్చాక నారతో పనేమిటనుకున్నారు. కానీ గొలుసుతో ఒక చిక్కుంది. ఒక్క కడియం విరిగితే గొలుసంతా పోయినట్టే. అదీ చెప్పాపెట్టకుండా విరుగుతుంది. జర్మనీలో హార్జ్ కొండల్లోని క్లౌస్తాల్ గనుల దగ్గర విల్హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి ఈ గొలుసులు తెగడం చూసి చూసి విసిగిపోయాడు. 1834లో ఇనపతీగల్ని నారలాగే పురిపెట్టి, నాలుగేసి తీగల చొప్పున మూడు పేటలుగా తాడు పేనించాడు. అందులో ఒక తీగ తెగినా మిగతావి పట్టుకుని ఉంటాయి. తెగిన తీగ పైకి పొడుచుకొచ్చి, "నా పని అయిపోతోంది, చూసుకో" అని చెబుతుంది.

నాకు ఈ కథలో నచ్చింది అదే. గొలుసు కంటే తాడు మంచిదనిపించుకున్నది ఒక్క బలం చేత కాదు, ముందే చెబుతుంది కనుక.

ఉక్కుతాడు సంగతి విశాఖపట్నం వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ప్రాణాలిచ్చి సాధించుకున్న ఊరు మనది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిన ఆ కార్ఖానాలో ఇతర సరుకులతో బాటు ఉక్కుతీగ చుట్టలు కూడా తయారవుతాయి. రేవులో క్రేనుల కింద వేలాడే బరువులన్నీ అలాంటి ఉక్కుతాళ్ళ మీదే.

మా పెదనాన్నగారు రేవులో గుమాస్తాగా చేసేవారు. ఆయన చేతిరాతలో 'తాళ్ళ రిజిస్టరు' ఉండేదట. ఏ తాడు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పరీక్షించారు, ఎవరు పరీక్షించారు, ఎప్పుడు తీసేశారు, అన్నీ అందులో ఉండేవి. కలాసీలు తాడు మీద గుడ్డముక్క పెట్టి జరిపేవారని చెప్పేవారు. తెగిన తీగ ఉంటే గుడ్డని పట్టుకుంటుంది. చేత్తో జరిపితే చెయ్యి పట్టుకుంటుంది, అందుకని గుడ్డ! 1986లో రేవు కార్మికుల భద్రతకి చట్టమే వచ్చింది. దాని కింద 1990లో వచ్చిన నిబంధనల్లో ఉక్కుతాడుని కనీసం మూడు నెలలకొకసారి చూడాలనీ, ఒక్క తీగ తెగినా ఆపైన నెలనెలా చూడాలనీ ఉంది. చూశారా, జబ్బు కనిపించిన తాడుని తరచుగా పలకరించాలన్నమాట. పెద్దవయసు వాళ్ళకి రక్తపోటు చూసినట్టే.

ఇక మనందరికీ చిరపరిచితమైన నైలాను సంగతి. 1935లో అమెరికాలో డూపాంట్ కంపెనీ పరిశోధనశాలలో వాలేస్ కరోథర్స్ దాన్ని తయారుచేశాడు. 1940లో నైలాను మేజోళ్ళు అంగళ్ళకొస్తే అక్కడి ఆడవాళ్ళు వరసలు కట్టారు. ఆ సంబరం రెండేళ్ళు కూడా నిలవలేదు. జపాను యుద్ధంలోకి దిగి ఫిలిప్పీన్సుని ఆక్రమించడంతో, ఓడలకి తాళ్ళిచ్చే మనిలా నార అమెరికాకి అందకుండా పోయింది. మేజోళ్ళ నైలాను కాస్తా పారాచూట్లకీ తాళ్ళకీ వెళ్ళిపోయింది. ఆ జపాను విమానాలే 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద బాంబులేశాయి. అక్కడ మేజోళ్ళు మాయం, ఇక్కడ ఊరే సగం ఖాళీ! యుద్ధం అయ్యాక నైలాను మన అమ్మల చీరలుగానూ వచ్చింది, ఇస్త్రీ అక్కర్లేదని అందరూ మురిసిపోయారు.

నైలాను తాడు వానకి కుళ్ళదు, బూజు తినదు. అందుకని దానికి చావు లేదనుకుంటాం. ఉంది సుమండీ. ఎండ దానికి శత్రువు. బ్యాటరీల్లోని ఆమ్లం పరమశత్రువు. రాపిడికి వేడెక్కితే కరిగి, ఆ మేర నున్నగా, గాజులా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి బాగుందనుకుంటే అంతే సంగతులు. చెట్లెక్కే పనిలో వాడే కొత్తరకం తాళ్ళలో లోపల ఒక గుజ్జు, పైన అల్లిన తొడుగు ఉంటాయి. వేళ్ళతో నొక్కుతూ పోతే ఒకచోట మెత్తగానో, బోలుగానో, గట్టిపడిపోయినట్టో తగిలితే లోపల గుజ్జు దెబ్బతిన్నదన్నమాట. అప్పుడు ఆ తాడుని పక్కన పడేయడం కాదు, ముక్కలుగా కోసెయ్యాలి. లేకపోతే మర్నాడు ఎవరో 'బాగానే ఉందే' అని తీసుకుపోతారు. మట్టి పట్టిన తాడుని మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరవేయాలి. నేల మీద పడేయకూడదు, తొక్కకూడదు. ఇంగ్లండులో 1998 నుంచి మనిషిని మోసే ఏ తాడునైనా ఆరు నెలలకొకసారి తెలిసినవాడి చేత పరీక్ష చేయించాలని నిబంధన ఉంది. ఎక్కేవాడు రోజూ చూసుకోవడం దానికి అదనం.

ఓడతాడుకి రంగుపోగుంది, క్రేనుతాడుకి రిజిస్టరుంది. మరి మన తాటిచెట్టెక్కేవాడి మోకుకి? అరవై డెబ్బై అడుగుల చెట్టు. కల్లు కాలంలో రోజుకి రెండుపూటలా ఎక్కాలి. నడుముకి కత్తులు, కుండ. కాళ్ళకి ఒక బంధం, వెనక ఒక మోకు. అంతే. రిజిస్టరూ, పరీక్షాధికారీ, నిబంధనా అన్నీ అతని పదివేళ్ళే.

రాజకీయాల్లోకి మాత్రం ఆ మనిషిని బాగానే లాగారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1948 నాటికి మద్యనిషేధం అన్ని జిల్లాలకీ వచ్చింది. గీతపని నేరమైపోయింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినా నిషేధం కొనసాగింది. గీతకార్మికులు సత్యాగ్రహం చేసి వేలమంది జైళ్ళకెళ్ళారు. వాళ్ళ తరఫున మన ఉత్తరాంధ్ర మనిషి, శ్రీకాకుళం జిల్లా బారువలో పుట్టిన గౌతు లచ్చన్నగారు మంత్రిపదవికి రాజీనామా చేశారు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వం ఈ వివాదంలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మోకు పట్టుకున్నవాళ్ళు ఒక ప్రభుత్వాన్ని దింపారంటే దింపారు.

కల్లు మంచిదని నేను వాదించబోవడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే మనమందరం చప్పట్లు కొట్టాం. తాగేవాడి ఇంట్లో ఆడదాని కష్టం గురించి మనం కథలు రాశాం, చదివాం, కళ్ళొత్తుకున్నాం. చెట్టెక్కినవాడి ఇంట్లో ఆడదాని కష్టం మటుకు మన కథల్లోకి తక్కువగా వచ్చింది. పొద్దున్నే మోకు భుజాన వేసుకుని వెళ్ళిన మనిషి తిరిగొచ్చేదాకా ఆవిడ మెడలో పసుపుతాడు ఆ నారతాడు మీద ఆధారపడి ఉంటుంది. తాత భార్య పదిహేను రోజులకొకసారి మోకుని నీడన దండెం మీద వేసి, తనూ ఒకసారి తడిమి చూసేదట. "నానొకసారి బాగుందంటే, అది కాదనీదమ్మా. దానిమాట మీద రెండు మోకులు పారేసినాను" అని తాత చెప్పాడు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరిట గీతకార్మికులకు భద్రతా సామగ్రి ఇవ్వడం మొదలెట్టింది. తొడలకీ నడుముకీ పట్టీలు, కొక్కేలు, తాళ్ళు ఉంటాయి. జారినా మనిషి కిందికి రాకుండా చెట్టునే వేలాడతాడు. కాటమయ్య వాళ్ళ కులదైవం. దేవుడి పేరు పెట్టడం బాగుంది. అయితే కవచానికి కూడా ఆయుర్దాయం ఉంటుందనీ, ఏ పట్టీకి ఏ ఏడు నిండిందో చూసేవాళ్ళుండాలనీ మనం మరచిపోకూడదు. దేవుడు చెట్టు మీద కాపాడతాడు. పురి విప్పి చూడటం మటుకు మన పనే.

ఇప్పుడు నేను చివర్లో చెబుతానన్న సంగతి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని ఏం చేసిందో మరచిపోయిన విశాఖవాసి ఉండడు. తెల్లవారేసరికి మా వీధిలో నిలబడ్డ చెట్టుని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా వేపచెట్టు పడలేదు గానీ, పెద్దకొమ్మ ఒకటి సగం విరిగి ప్రహరీ మీదికి వేలాడుతోంది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాలు లేవు. నాలుగో రోజున వీధిలో కత్తి పట్టుకుని ఒక కుర్రాడు కనిపించాడు. పాతికేళ్ళుంటాయేమో. ఎక్కి కొట్టేస్తానన్నాడు. "తాడుందా అండీ?" అని అడిగాడు. పెరట్లో దండెం కట్టిన ఆకుపచ్చ ప్లాస్టిక్ తాడుంది. ఆరేళ్ళుగా ఎండలో ఉంది. విప్పి ఇచ్చాను.

రెండో నరుకుకి కొమ్మ కదిలింది, అబ్బాయి జారాడు, తాడు పుటుక్కుమంది. అదృష్టం బాగుండి కింద ఆకులూ రెమ్మలూ కుప్పగా ఉన్నాయి. చెయ్యి విరిగింది. మావారు ఆస్పత్రికి తీసుకెళ్ళారు, ఖర్చంతా భరించాం, పైన కొంత డబ్బిచ్చాం. మేం చాలా మంచివాళ్ళమని వీధివాళ్ళన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందన్నారు, ఆ తుఫాను రోజులే అలాంటివి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మొన్న తాత చేతిలో పొడి రాలేదాకా నాకు గుర్తే రాలేదు. ఆ తుఫానుకి ముందు ఆర్నెల్లపాటు మావారి తెల్లచొక్కాల మీద పచ్చటి నలుసులు అంటుకునేవి. దులిపితే పోయేవి కావు. పనిమనిషిని కోప్పడ్డాను. సబ్బు మార్చాను. దండెం మీంచి బట్టలు తీసినప్పుడల్లా నా అరిచేతులకి సన్నటి పచ్చపొడి అంటేది. కడుక్కునేదాన్ని. ఆర్నెల్లపాటు ఆ తాడు నాకు రోజూ చెప్పింది. నేను చొక్కా గోడే విన్నాను గానీ, తాడు గోడు వినలేదు.

పామై కరిచిందట! పాపం, తాడు కరవలేదు. మొరపెట్టుకుంది.

ఆ కుర్రాడి చెయ్యి అతుక్కుందని తరవాత విన్నాం. మళ్ళీ చెట్టెక్కాడో లేదో తెలుసుకోలేదు. తెలుసుకోలేదన్న మాట ఇవాళ ఇలా రాస్తుంటేనే నాకు బరువుగా తోస్తోంది.

ఆవకాయ జాడీ మీద పెట్టిన తేదీ రాస్తాను. మందుసీసా మీద తేదీ చూడందే పిల్లలకి పొయ్యను. గ్యాసుగొట్టం ఎప్పుడు మార్చాలో గోడమీద కాలెండర్లో గుర్తు పెడతాను. మనిషిని మోసే తాడుకి మాత్రం తేదీ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే తీరిక లేదు కాబోలు. చెట్టెక్కేవాళ్ళు ఎవరి తాడు వారు తెచ్చుకుంటార్లే అనుకుంటాం. అవసరానికి అడిగితే చేతికందింది ఇచ్చేస్తాం. ఎంతదాకా ఎగదోస్తాం అని సామెత ఒకటి సిద్ధంగా ఉండనే ఉంది.

ఆ రోజు తాతని ఆగమని, మావారిని పూర్ణామార్కెట్టుకి పంపించాను. ఆఫీసుకి ఆలస్యమైందని ఆయన సణిగారు గానీ, మంచి తాడే తెచ్చారు. మామగారి తాడుని నేనే కత్తిపీట ముందేసుకుని ముక్కలు చేశాను. కొత్తతాడు కొసకి ఎర్రదారం చుట్టి, కొన్న తేదీ నా పద్దుల పుస్తకంలో రాసుకున్నాను. పాలవాడి లెక్కకీ, చాకలి లెక్కకీ మధ్య ఇప్పుడు 'తాడు' అని ఒక పేజీ ఉంది. పెదనాన్నగారు చూస్తే సంతోషించేవారు.

తాడు తాత చేతికిచ్చాను. ఆయన మళ్ళీ అరుగు మీద చతికిలబడి, కళ్ళు మూసుకుని, జానెడు జానెడు చొప్పున జార్చడం మొదలెట్టాడు.

"ఇప్పుడే కొన్నది తాతా. కొత్తదానికి కూడానా?" అన్నాను.

"కొత్తదైతే మరీ సూడాలమ్మా. పాతది మనకి ఎరికే కదా. ఇదెలాటిదో మనకేటి తెలుసు?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

నేను ఇంకో కప్పు టీ పెట్టడానికి లోపలికెళ్ళాను. ఈసారి మూతపెట్టి ఉంచాను.